కాకతాళీయమా, నిజమైన సంబంధమా?

తాటిచెట్టుపై కాకి వ్రాలినది. సరిగా ఆ క్షణముననే పండు నేలరాలినది. కాకి వ్రాలుటచేతనే పండు రాలెనని చూచినవాడు తలచును. నిజమునకు ఆ రెండును ఒకేసారి సంభవించినవి, అంతే. ఇట్టి సందర్భములను సూచించుటకే మన పూర్వులు ‘కాకతాళీయము’ అను మాటను వాడుచు వచ్చిరి. మాట చక్కనిదే. కాని ఒకానొకచోట జరిగినది కాకతాళీయమా, కాదా అని తేల్చుట ఎట్లు?

ఒక్క కాకిని, ఒక్క పండును చూచిన చాలదు. పెక్కు పర్యాయములు చూచి, నాలుగు గడులలో లెక్క వ్రాసికొనవలెను. కాకి వ్రాలి పండు రాలినవి ఒక గడి. కాకి వ్రాలినను పండు రాలనివి రెండవ గడి. కాకి వ్రాలకయే పండు రాలినవి మూడవ గడి. కాకియు వ్రాలక, పండును రాలనివి నాలుగవ గడి. సామాన్యముగ జనులు మొదటి గడిని మాత్రమే జ్ఞాపకముంచుకొందురు. పిల్లి ఎదురు వచ్చిన దినమున పని చెడినచో ఆ సంగతి పదేండ్లు గుర్తుండును. పిల్లి ఎదురు వచ్చినను పని నెరవేరిన దినములను, పిల్లి ఎదురు రాకున్నను పని చెడిన దినములను లెక్కించిన వారు అరుదు. శకునములు పెక్కు ఈ మొదటి గడినుండియే పుట్టినవి.

నాలుగు గడులను నింపుట మొదటి పని. ఆ అంకెలలో కనబడు తేడా యాదృచ్ఛికముగ కలుగునంతటిదేనా, అంతకు మించినదా అని నిర్ణయించుట రెండవ పని. ఈ రెండవ పనికి సాంఖ్యక శాస్త్రమున ఉపయోగించు సాధనములలో మిక్కిలి ప్రసిద్ధమైనది కై-వర్గ పరీక్ష. ‘కై’ అనునది గ్రీకు అక్షరము. ఇంగ్లండుకు చెందిన కార్ల్ పియర్సన్ ఈ పరీక్షను 1900వ సంవత్సరమున ప్రకటించెను.

కొలుచుట, లెక్కించుట

శాస్త్రజ్ఞులు సేకరించు సమాచారము రెండు విధములు. ధర్మపురి రేవులో గోదావరి స్నానమునకు వచ్చిన యాత్రికుని ఎత్తును కొలువవచ్చును, బరువును తూచవచ్చును. నది నీటిమట్టమును అడుగులలోనో మీటర్లలోనో చెప్పవచ్చును. ఇవి కొలతలు. కాని ఆ యాత్రికుడు ఏ జిల్లావాడు, బస్సులో వచ్చెనా, కాలినడకన వచ్చెనా అను ప్రశ్నలకు కొలబద్ద పనికిరాదు. ఇచ్చట మనుష్యులను తరగతులుగ విభజించి, ఒక్కొక్క తరగతిలో ఎందరున్నారో లెక్కింపవలసినదే. టీకా వేయించుకొన్నవారు, వేయించుకొననివారు. మొలచిన విత్తనములు, మొలవనివి. ఉత్తీర్ణులు, అనుత్తీర్ణులు — ఇవన్నియు ఇట్టి తరగతులే. వీటికి సగటు తీయుటకు వీలులేదు. ఇట్టి లెక్కలను పరీక్షించుటకే కై-వర్గ పరీక్ష ఏర్పడినది.

తరగతిలో ఒక ప్రయోగము

రెండు చేతుల వ్రేళ్లను ఒకదానిలో ఒకటి జొనిపి పట్టుకొన్నప్పుడు కొందరికి కుడి బొటనవ్రేలు పైకి వచ్చును. కొందరికి ఎడమ బొటనవ్రేలు పైకి వచ్చును. ప్రతివానికిని ఒక విధమే సహజముగ తోచును. రెండవ విధమున పట్టిన చేతులు తనవి కానట్లుండును. ఈ అలవాటు విషయమున బాలురకు, బాలికలకు తేడా కలదా? ధర్మపురిలోని ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు 100 మంది విద్యార్థులను పరీక్షించెననుకొందము. వారిలో బాలురు 60 మంది, బాలికలు 40 మంది. లెక్క ఇట్లు వచ్చినదనుకొందము. ఈ అంకెలు ఉదాహరణకై ఊహించినవి.

బాలురు: కుడి పైన 33, ఎడమ పైన 27, మొత్తము 60.
బాలికలు: కుడి పైన 17, ఎడమ పైన 23, మొత్తము 40.
అందరును: కుడి పైన 50, ఎడమ పైన 50, మొత్తము 100.

బాలురలో నూటికి 55 మందికి కుడి వ్రేలు పైకి వచ్చినది. బాలికలలో నూటికి 42 లేక 43 మందికే వచ్చినది. తేడా కంటికి కనబడుచున్నది. కాని తొందరపడరాదు. మొదట, బాలురకు బాలికలకు ఈ విషయమున ఏ భేదమును లేదని ఊహింపవలెను. ఈ ఊహకే శూన్య పరికల్పన అని పేరు. భేదము లేదనుకొన్నచో ఏ గడిలో ఎందరుండవలెను? మొత్తము విద్యార్థులలో సగము మందికి కుడి వ్రేలు పైకి వచ్చినది. కావున 60 మంది బాలురలో 30 మందికి, 40 మంది బాలికలలో 20 మందికి అట్లు రావలెను. ఇవి అపేక్షిత సంఖ్యలు. వీటిని రాబట్టు సూత్రము సులభమైనది: ఆ గడి ఉన్న అడ్డు వరుస మొత్తమును నిలువు వరుస మొత్తముతో గుణించి, అందరి మొత్తముతో భాగింపవలెను.

ఇప్పుడు ప్రతి గడిలోను చూచిన సంఖ్యకు, అపేక్షిత సంఖ్యకు గల తేడాను గుర్తింపవలెను. ఇచ్చట అన్ని గడులలోను తేడా 3. కొన్నిచోట్ల అది అధికము, కొన్నిచోట్ల న్యూనము. వానిని ఉన్నవి ఉన్నట్లు కూడినచో సున్న వచ్చును. కావున తేడాను వర్గము చేయుదురు. 3 వర్గము 9. కాని 20 మందిని ఎదురుచూచినచోట 3 తేడా వచ్చుట, 2000 మందిని ఎదురుచూచినచోట 3 తేడా వచ్చుట ఒకటి కాదు. అందుచేత ప్రతి వర్గమును ఆ గడిలోని అపేక్షిత సంఖ్యతో భాగింతురు. బాలుర గడులు రెండును 9ని 30తో భాగింపగా 0.30 చొప్పున ఇచ్చును. బాలికల గడులు రెండును 9ని 20తో భాగింపగా 0.45 చొప్పున ఇచ్చును. ఈ నాలుగింటిని కూడిన 1.50 వచ్చును. ఇదియే కై-వర్గము విలువ.

కుండలో చీట్లు

1.50 పెద్ద సంఖ్యయా, చిన్న సంఖ్యయా? దీనిని తెలిసికొనుటకు ఒక కుండను, నూరు చీట్లను తీసికొన్న చాలును. 50 చీట్లపై ‘కుడి’ అనియు, 50 చీట్లపై ‘ఎడమ’ అనియు వ్రాసి, కుండలో వేసి బాగుగ కలిపి, చూడక 60 చీట్లు తీయవలెను. ఆ అరువది చీట్లు బాలురవి, మిగిలిన నలుబది బాలికలవి అనుకొనవలెను. చీటీలకు బాలురు, బాలికలు అను భేదము తెలియదు గదా! అయినను ప్రతి పర్యాయము సరిగా 30 ‘కుడి’ చీట్లు రావు. ఒకసారి 31, ఒకసారి 28, ఒకసారి 34 రావచ్చును. ఇట్లు అనేక పర్యాయములు తీసినచో, 3 గాని అంతకు మించి గాని తేడా దాదాపు నూటికి ముప్పది పర్యాయములు వచ్చును. అనగా మన తరగతిలో కనబడిన తేడా చీట్లాటలో తరచుగ వచ్చునదే. దానినిబట్టి బాలురకు, బాలికలకు భేదమున్నదని చెప్పుటకు వీలులేదు.

ప్రతి ప్రశ్నకు కుండను ముందు పెట్టుకొని వేలసార్లు చీట్లు తీయుట శ్రమతో కూడిన పని. పియర్సన్ చేసిన మేలు ఇదియే. చీట్లు తీయకయే, గణితముచేత, ఏ కై-వర్గము విలువ యాదృచ్ఛికముగ ఎంత తరచుగ వచ్చునో ఆయన చూపెను. ఆ ఫలితములను పట్టికలుగ ముద్రించిరి. రెండు అడ్డు వరుసలు, రెండు నిలువు వరుసలు గల పట్టికకు 3.84 అనునది ముఖ్యమైన ఎల్ల. సంబంధము లేనిచోట కై-వర్గము ఈ ఎల్లను దాటుట నూటికి 5 పర్యాయములు మాత్రమే జరుగును. విలువ 3.84ను దాటినచో, ఈ తేడా కాకతాళీయమనుట కష్టమని శూన్య పరికల్పనను త్రోసిపుచ్చుదురు. తేడాకు సార్థకత కలదందురు. దాటనిచో త్రోసిపుచ్చుటకు ఆధారము చాలదందురు. నూటికి 5 అను ఎల్ల ప్రకృతి నియమము కాదు. సౌకర్యమునకై పరిశోధకులు ఏర్పరచుకొన్న ఆచారము. 1925లో రొనాల్డ్ ఫిషర్ ప్రచురించిన గ్రంథముచేత ఇది విశేషముగ వ్యాపించినది.

ఇచ్చట శ్రద్ధగల విద్యార్థికి ఒక సందేహము కలుగవచ్చును. పట్టికల ప్రకారము 1.50కి మించిన విలువ నూటికి 22 పర్యాయములు వచ్చును. కుండలో ముప్పది పర్యాయములు వచ్చినదేమి? మనుష్యులు ఒక్కొక్కరుగ పెరుగుదురు. 30 తరువాత 31 గాని ముప్పదిన్నర లేదు. గణితమున వాడు వక్రరేఖ అవిచ్ఛిన్నముగ సాగును. సంఖ్యలు చిన్నవైనప్పుడు ఈ రెండింటికి పొత్తు కుదరదు. 1934లో ఫ్రాంక్ యేట్స్ దీనికొక సవరణ సూచించెను. ప్రతి తేడానుండి అర తీసివేసి వర్గము చేయవలెను. 3కు బదులు 2.5 తీసికొన్న కై-వర్గము 1.04 అగును. దానికి సరియైన సంభావ్యత నూటికి 31. కుండ చెప్పినదియు ఇంచుమించు ఇదియే.

స్వేచ్ఛ ఎన్ని గడులకు?

నాలుగు గడులున్నను, వరుసల మొత్తములు నిశ్చయమైన పిమ్మట మనము ఇష్టము వచ్చినట్లు నింపగలిగినది ఒక్క గడియే. కుడి వ్రేలు పైకి వచ్చిన బాలురు 33 అన్నచో, తక్కిన బాలురు 27, బాలికలు 17, 23 అని తమంతట తామే తేలును. కావున ఈ పట్టిక స్వేచ్ఛా సంఖ్య 1. పెద్ద పట్టికలలో అడ్డు వరుసల సంఖ్యనుండి ఒకటి, నిలువు వరుసల సంఖ్యనుండి ఒకటి తీసివేసి, మిగిలిన వానిని గుణించిన స్వేచ్ఛా సంఖ్య వచ్చును. స్వేచ్ఛా సంఖ్య 2 అయిన ఎల్ల 5.99, 3 అయిన 7.81; 4 అయిన 9.49.

నేడు ఉన్నత పాఠశాల విద్యార్థి గ్రహింపగల ఈ విషయము ఆనాడు మహామహులను తికమక పెట్టినది. నాలుగు గడుల పట్టికకు స్వేచ్ఛా సంఖ్య 3 అని పియర్సన్ భావించెను. 1915లో గ్రీన్‌వుడ్, యూల్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు టైఫాయిడ్, కలరా టీకాల లెక్కలను పరిశీలించుచు, ఈ పద్ధతికి, మరొక పద్ధతికి పొందిక లేదని గమనించిరి. 1922లో ఫిషర్ సరియైన సంఖ్య 1 అని నిరూపించెను. టీకాలు ప్రాణములను కాపాడుచున్నవా లేవా అను ప్రశ్నయే ఈ పొరపాటు బయటపడుటకు దారితీసినది.

సంబంధమును పరీక్షించుటకే గాక, ఒక సిద్ధాంతము చెప్పిన నిష్పత్తికి లెక్కలు సరిపోవుచున్నవా అని చూచుటకును ఈ పరీక్షయే పనికివచ్చును. బఠాణీలపై మెండెల్ చేసిన ప్రయోగములలో ఒకదానియందు 556 గింజలు లభించినవి. నునుపైన పసుపు గింజలు 315, నునుపైన ఆకుపచ్చవి 108, ముడుతలుగల పసుపువి 101, ముడుతలుగల ఆకుపచ్చవి 32. సిద్ధాంతము ప్రకారము నిష్పత్తి 9, 3, 3, 1. అపేక్షిత సంఖ్యలు వరుసగ 312.75, 104.25, 104.25, 34.75. కై-వర్గము 0.47 మాత్రమే వచ్చును. స్వేచ్ఛా సంఖ్య 3కి ఎల్ల 7.81 గదా! కావున సిద్ధాంతమునకు ఈ గింజలు విరోధము చెప్పుటలేదు.

మదనపల్లె గ్రామములలో

తరగతిలోని బొటనవ్రేళ్ల ప్రశ్న వినోదము వంటిది. దాని సమాధానము ఎటులున్నను ఎవరికిని నష్టము లేదు. ఇదే గణితము ప్రాణములతో ముడిపడిన ప్రశ్నకు మన తెలుగుదేశముననే ఉపయోగపడినది.

క్షయవ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని 1882లో రాబర్ట్ కాక్ కనుగొనెను. ఫ్రాన్సుకు చెందిన కాల్మెట్, గెరాన్ అనువారు తయారుచేసిన బి.సి.జి. టీకాను 1921లో మొదటిసారి మనుష్యునకు ఇచ్చిరి. భారతదేశమున దీనిని వేయుట 1948లో ప్రారంభమైనది. అది నిజముగ క్షయను ఎంతవరకు ఆపుచున్నది? దీనిని తెలిసికొనుటకు నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె చుట్టుపట్ల గ్రామములలో 1950లో ఒక పరిశోధన ఆరంభించిరి. మదనపల్లె సమీపమున ఆరోగ్యవరములోని క్షయ చికిత్సాలయమునకు చెందిన ఫ్రిమోట్-మొల్లర్, ఆయన సహచరులు దీనిని నడపిరి. టీకా వేయవలసినవారిని, వేయకుండ పోల్చి చూడవలసినవారిని ఏకాంతర క్రమమున ఎంచిరి. ఫలితములు 1973లో అంతర్జాతీయ క్షయ నివారణ సంఘపు పత్రికలో వెలువడినవి. వివిధ దేశముల బి.సి.జి. పరిశోధనలను సమీకరించి 1994లో ప్రచురించిన సమీక్షలో ఆ అంకెలు ఇట్లున్నవి.

టీకా వేసినవారు: క్షయ సోకినవారు 33, సోకనివారు 5036, మొత్తము 5069.
టీకా వేయనివారు: క్షయ సోకినవారు 47, సోకనివారు 5761, మొత్తము 5808.
అందరును: క్షయ సోకినవారు 80, సోకనివారు 10797, మొత్తము 10877.

టీకా వేసినవారిలో వేయింటికి 6.5 మంది, వేయనివారిలో వేయింటికి 8.1 మంది వ్యాధిగ్రస్తులైరి. టీకాచేత వ్యాధి నూటికి ఇరువది వంతులు తగ్గెనని ఒకరు వాదింపవచ్చును. అది కాకతాళీయమని మరొకరు వాదింపవచ్చును. లెక్క ఏమి చెప్పునో చూతము.

టీకాకు ప్రభావమే లేదనుకొన్నచో, 80 మంది రోగులలో టీకా వేసినవారు 80ని 5069తో గుణించి 10877తో భాగింపగా వచ్చు 37.28 మంది ఉండవలెను. టీకా వేయనివారు 42.72 మంది ఉండవలెను. చూచిన సంఖ్యలు 33, 47. తేడా 4.28, దాని వర్గము 18.32. దీనిని 37.28తో భాగించిన 0.491, 42.72తో భాగించిన 0.429. వ్యాధి సోకనివారి గడులలో అపేక్షిత సంఖ్యలు 5031.72, 5765.28. అవి మిక్కిలి పెద్దవగుటచేత ఆ గడులు 0.004, 0.003 మాత్రమే చేర్చును. అన్నియు కూడిన కై-వర్గము 0.93. ఇది 3.84కు చాల దిగువను ఉన్నది. టీకాకు ఏ ప్రభావము లేకున్నను ఇంతటి తేడా నూటికి 33 పర్యాయములు రాగలదు.

అయినచో టీకా వ్యర్థమని తేలినదా? లేదు. ఈ పరీక్షను ఉపయోగించువారు ఎక్కువగ కాలుజారునది ఇచ్చటనే. తేడా ఉన్నదని రుజువు కాకపోవుట వేరు. తేడా లేదని రుజువగుట వేరు. వేలకొలది జనులను పరీక్షించినను రోగులు 80 మందియే. ఇంత తక్కువ మందినిబట్టి చేయు అంచనా వెడల్పుగ నుండును. టీకా వ్యాధిని ఇంచుమించు సగమునకు తగ్గించెనన్నను, నాలుగవ వంతు పెంచెనన్నను, ఈ అంకెలు రెండింటికిని అడ్డు చెప్పవు. ఇదే నిష్పత్తిలో నాలుగు గడులును అయిదు రెట్లు పెద్దవైనచో కై-వర్గమును అయిదు రెట్లై 4.64 అగును, అప్పుడు ఎల్లను దాటును. జబ్బుపడువారి నిష్పత్తి మారలేదు. మారినది సాక్షుల సంఖ్య మాత్రమే. న్యాయస్థానమున సాక్ష్యము చాలక విడుదలయైనవాడు నిర్దోషియని ఋజువైనట్లు కాదు.

మూడు లెక్కలు, మూడు తీర్పులు

ఈ విషయము ఇతర పరిశోధనలతో పోల్చినప్పుడు తేటపడును. ఇంగ్లండులో పాఠశాల విడువనున్న పిల్లలపై 1950వ దశకపు ఆరంభమున ఒక పెద్ద పరిశోధన మొదలైనది. టీకా వేసిన 13598 మందిలో 62 మందికి, వేయని 12867 మందిలో 248 మందికి క్షయ సోకినది. టీకా నిరుపయోగమైనచో మొదటి వర్గమున 159 మంది రోగులుండవలెను. ఉన్నది 62. కై-వర్గము దాదాపు 124. ఇది కాకతాళీయమనుటకు ఎవరికిని నోరురాదు.

ఇక తమిళనాడులోని చెంగల్పట్టు జిల్లాలో 1968లో ప్రారంభమైన మహాపరిశోధన ఉన్నది. 1994 నాటి సమీక్షలో దాని అంకెలు ఇట్లు కలవు: టీకా వేసినవారు 88391 మంది, వారిలో రోగులు 505, వేయనివారును 88391 మంది, వారిలో రోగులు 499. అపేక్షిత సంఖ్య ఉభయులకు 502. కై-వర్గము 0.04 కంటె తక్కువ. మదనపల్లె కంటె ఇచ్చట పదునారు రెట్లు అధికముగ జనులున్నారు. సాక్షులు చాలలేదనుటకు ఇచ్చట వీలులేదు. ఆ ప్రాంతమున, ఆ కాలమున, అన్ని వయస్సులవారిని కలిపి చూచినచో ఊపిరితిత్తుల క్షయనుండి ఆ టీకా రక్షణ ఇచ్చినట్లు కనబడలేదు.

మదనపల్లె విలువయు, చెంగల్పట్టు విలువయు 3.84కు లోబడినవే. కాని ఒకచోట సమాధానము ‘తెలియలేదు’ అని. మరొకచోట ‘చెప్పుకోదగినంత తేడా లేదు’ అని. కై-వర్గము విలువను మాత్రమే చూచి, ఎందరిని పరీక్షించిరో చూడనివారు ఈ రెండు సమాధానములను ఒకటిగ భ్రమపడుదురు.

ఇంగ్లండులో పనిచేసిన టీకా దక్షిణ భారతమున ఎందుకు పనిచేయలేదు? ఈ ప్రశ్నకు కై-వర్గము బదులు చెప్పదు. అది వైద్యశాస్త్రము చెప్పవలసినది. ఉష్ణదేశములలో నేలయందు, నీటియందు క్షయకారక జీవికి బంధువులైన సూక్ష్మజీవులు హెచ్చుగ ఉండును. వాని సంపర్కముచేత జనులకు ముందే కొంత శక్తి కలిగియుండుటవలన టీకా ప్రభావము మరుగుపడునని ఒక వివరణ కలదు. పసిపిల్లలకు వచ్చు క్షయ మెదడువాపు, శరీరమంతట వ్యాపించు క్షయ అను ఘోరరూపములనుండి బి.సి.జి. మంచి రక్షణ ఇచ్చునని ఇతర పరిశోధనలు చూపినవి. అందుచేతనే భారతదేశమున నేటికిని పుట్టిన బిడ్డకు ఈ టీకా వేయుచున్నారు. పై అంకెలను చూచి దానిని మానుకొనుట తప్పు. ఒక ప్రశ్నకు వచ్చిన సమాధానమును మరొక ప్రశ్నకు అంటగట్టరాదు.

తెలుగువాని చేయూత

కై-వర్గ పరీక్ష చరిత్రలో తెలుగువారికిని స్థానము కలదు. 1920లో హడగళిలో తెలుగు కుటుంబమున జన్మించిన కల్యంపూడి రాధాకృష్ణారావు ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, కలకత్తాలోని భారత సాంఖ్యక సంస్థలో చేరెను. 1948లో ఆయన ఒక సాధారణ పరీక్షా విధానమును ప్రకటించెను. శూన్య పరికల్పన నిజమని అంగీకరించి ఆ చోటనే నిలిచి, సేకరించిన లెక్కలు మనలను అచ్చటనుండి ఎంత బలముగ లాగుచున్నవో కొలుచుట అందలి భావము. లాగు బలము స్వల్పమైన అచ్చటనే ఉండవచ్చును. అధికమైన ఆ చోటు విడువవలెను. ఈ విధానమును తరగతుల లెక్కలకు అన్వయించినచో పియర్సన్ కై-వర్గమే వచ్చును. అనగా పియర్సన్ పరీక్ష ఒక పెద్ద వృక్షమునకు కొమ్మయని తేలినది. వృద్ధాప్యమున కూడ పరిశోధనను విడువని రాధాకృష్ణారావు 2023లో అమెరికాలో కీర్తిశేషుడయ్యెను.

పాటింపవలసిన నియమములు

ఉపాధ్యాయులు విద్యార్థులచే ఈ పరీక్ష చేయించునప్పుడు కొన్ని నియమములు గుర్తుంచుకొనవలెను.

మొదటిది, గడులలో అసలు సంఖ్యలనే వ్రాయవలెను, శాతములను వ్రాయరాదు. 10 మందిలో 6 మంది, 1000 మందిలో 600 మంది — శాతము ఒకటే అయినను సాక్ష్యము ఒకటి కాదు.

రెండవది, ఒక్కొక్కరు ఒక్క గడిలోనే, ఒక్కసారే లెక్కకు రావలెను. ఒకే విద్యార్థిని అయిదు దినములు పరీక్షించి అయిదుగురుగ లెక్కింపరాదు.

మూడవది, అపేక్షిత సంఖ్య ఏ గడిలోను 5 కంటె తక్కువ కాకుండుట మంచిది. తక్కువైనచో కుండ, చీట్ల పద్ధతియే మేలు.

నాలుగవది, ఏమి పరీక్షింపదలచిరో ముందే నిర్ణయించుకొనవలెను. సంబంధము లేని ఇరువది విషయములను వరుసగ పరీక్షించినచో, వానిలో ఒకటి కాకతాళీయముగనే ఎల్లను దాటుట సహజము. ఆ ఒక్కదానినే పట్టుకొని, తక్కిన పందొమ్మిదింటిని చెప్పకుండుట, కాకి వ్రాలిన గడిని మాత్రమే చూపుట వంటిదే.

అయిదవది, సంబంధమున్నదని తేలినను కారణము తేలినట్లు కాదు. గొడుగులు ఎక్కువగ కనబడు దినములలో రోడ్లు బురదగ ఉండును. గొడుగులు బురదకు కారణము కావు. కారణమును గూర్చి చెప్పవలెనన్న, మదనపల్లెలోవలె, ఎవరికి టీకా వేయవలెనో పరిశోధకుని ఇష్టమునకు గాని, జనుల ఇష్టమునకు గాని వదలక ఒక క్రమము ప్రకారము ఎంచవలెను.

ధర్మపురి వంటి వ్యవసాయ ప్రాంతములలోని పాఠశాలలకు ఇట్టి ప్రయోగములు కష్టము కావు. వరి విత్తనములను ఉప్పునీటిలో వేసి, తేలినవానిని తీసివేసి, మునిగినవానిని నాటుట రైతులకు తెలిసిన పద్ధతి. మునిగిన విత్తనములు 100, అసలు వేరుచేయని విత్తనములు 100 తీసికొని, మంచినీటితో కడిగి, తడిగుడ్డలలో వేర్వేరుగ ఉంచి, ఎన్ని మొలచినవో, ఎన్ని మొలవలేదో లెక్కింపవచ్చును. చీట్లు వేసి ఏ గుడ్డను ఎచ్చట ఉంచవలెనో నిర్ణయించిన మంచిది. నాలుగు గడులు నిండును. అపేక్షిత సంఖ్యలు, తేడాలు, వర్గములు, భాగహారములు, కూడిక — అన్నియు ఉన్నత పాఠశాల గణితమే. వచ్చిన విలువను 3.84తో పోల్చుటకు ముందు, ఎన్ని విత్తనములు చూచిరో ఆ సంఖ్యను కూడ నల్లబల్లపై వ్రాయింపవలెను. విలువ ఎల్లను దాటకున్న ‘ఉప్పునీరు వ్యర్థము’ అని గాక, ‘ఇన్ని విత్తనములతో తేలలేదు’ అని వ్రాయుట విద్యార్థులు నేర్చుకొనవలెను.